ఎక్స్‌పార్టీ డిక్రీ: రద్దు కోరడానికి 30 రోజులు ఎప్పటినుంచి లెక్క?

కొబ్బరాకు: అమలాపురంలో ప్రోనోటు దావా. ప్రతివాది కువైట్‌లో ఉన్నాడు. సమను (కోర్టు పిలుపు) ఊళ్ళో ఇంటి తలుపుకి అంటించారు. ఎక్స్‌పార్టీ డిక్రీ (ప్రతివాది రాకపోతే ఏకపక్షంగా ఇచ్చే తీర్పు) అయి ఏడు నెలలు. ఈపీలో (డిక్రీ అమలు పిటిషన్) కొబ్బరితోట జప్తు అన్నాక కదిలారు. రద్దు పిటిషన్‌తో పాటు ఆలస్యం మాఫీ పిటిషన్ కూడా వెయ్యాలా?

గోదారిగట్టు: వెయ్యొద్దు. లిమిటేషన్ చట్టం 123వ ఆర్టికల్ చూడండి. సమను సరిగ్గా అందకపోతే 30 రోజులు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి. సెక్షన్ 5 (ఆలస్యం మాఫీ) పిటిషన్ వేస్తే సమను అందిందని మీరే ఒప్పుకున్నట్టు.

రాజోలుగుమస్తా: ఒప్పుకున్నట్టెలా అవుతుందండీ? "అందలేదు, అందిందని కోర్టు తేలిస్తే ఆలస్యం మన్నించండి" అని రాస్తారు. మీ లెక్క తప్పితే రెండో తలుపు ఉండాలిగా. ముందు ప్రాసెస్ సర్వరు (సమను తెచ్చిన కోర్టు ఉద్యోగి) రిటర్ను, అంటే ఆయన రాసిచ్చిన నివేదిక, సర్టిఫైడ్ కాపీ తీయండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 5 రూల్ 17 ప్రకారం ఇల్లు చూపించినవాళ్ళ పేరు, ఎవరి ఎదుట అంటించారో అందులో ఉండాలి. అఫిడవిట్‌లో ఆలస్యానికి సాకుగా అలవాటుగా కొట్టే పచ్చకామెర్ల పేరా వద్దు, కువైట్‌లో ఉన్నట్టు పాస్‌పోర్టు ముద్రలు జతచెయ్యండి.

గోదారిగట్టు: మళ్ళీ అదే. అడిగింది సెక్షన్ 5 గురించి.

మురమళ్ళ: పిటిషన్ వేసినంత మాత్రాన ఈపీ ఆగదు. స్టేకి వేరే ఐఏ (మధ్యంతర పిటిషన్) వెయ్యాలి.

అప్పిచ్చినోడు: ఏడు నెలలు తలుపు మీద కాగితం ఎవరికీ కనబడలేదా? తోట పోతుందంటేనే కళ్ళు తెరుచుకుంటాయి! మాలాంటివాళ్ళం వడ్డీ కాదు, అసలుకే కోర్టు చుట్టూ తిరుగుతున్నాం.

గోదారిగట్టు: మీ బాకీ కోపం ఇక్కడ చూపకండి. అవతలివాడి మాట వినకుండా ఇచ్చిన డిక్రీ అది.

అప్పిచ్చినోడు: వినిపించుకోండి, డబ్బు కోర్టులో కట్టి!

రాజోలుగుమస్తా: ఇదీ అసలు గొడవ. ఆర్డర్ 9 రూల్ 13 కింద ఖర్చులు, కోర్టులో డబ్బు జమ వంటి షరతులు పెట్టే అధికారం కోర్టుకి ఉంది. గట్టుగారికి అది మింగుడుపడదు. కొబ్బరాకుగారూ, అంటించిన రోజు ఇంట్లో ఎవరైనా ఉన్నారా?

కొబ్బరాకు: భార్య ఉంది.

గోదారిగట్టు: అయితే ఇంకేం! కలిసి ఉండే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, ఆర్డర్ 5 రూల్ 15 కింద వాళ్ళకివ్వాలి. నేరుగా అంటించడం చెల్లదు.

రాజోలుగుమస్తా: ఆగండి. ఆర్డర్ 9 రూల్ 13 రెండో ప్రొవైజో (మినహాయింపు షరతు) మర్చిపోయారు. వాయిదా తేదీ ముందే తెలిసి, రావడానికి చాలినంత టైముంటే, సర్వీసు లోపం ఒక్కటీ చూపి డిక్రీ రద్దు చెయ్యరు. ఆమె ఆయనకి చెప్పిందా?

కొబ్బరాకు: తలుపు మీద కాగితం ఫొటో వాట్సాప్‌లో పంపింది.

గోదారిగట్టు: అబ్బా.

రాజోలుగుమస్తా: ఏ తేదీన? వాయిదాకి ఎన్నాళ్ళ ముందు?