ఆక్స్‌ఫాస్ కాక్‌టెయిల్ బ్లాట్‌లో నాలుగో కాంప్లెక్స్ బ్యాండ్ కనబడటం లేదు

అనంతపురం, పరిశోధక విద్యార్థి:
అందరికీ నమస్తే. ఎలుక (ర్యాట్) గుండె, కాలి కండరం, కాలేయం లైసేట్ల (కణాలు పగలగొట్టిన ద్రవం) మీద వెస్టర్న్ బ్లాట్ చేస్తూ ఆక్స్‌ఫాస్ కాక్‌టెయిల్ పెడుతున్నా. మైటోకాండ్రియాలో శక్తి తయారుచేసే ఐదు కాంప్లెక్స్‌లకి ఒక్కోటి చొప్పున ఐదు మౌస్ (చిట్టెలుక) యాంటీబాడీలు కలిపింది అది. లేన్‌కి 20 మైక్రోగ్రాములు, 12 శాతం జెల్, 0.45 మైక్రాన్ పీవీడీఎఫ్ మెంబ్రేన్, శాంపిల్ 95 డిగ్రీల్లో 5 నిమిషాలు. 55 కిలోడాల్టన్ల దగ్గర ఏటీపీ5ఏ (ఐదో కాంప్లెక్స్), 48 దగ్గర యూక్యూసీఆర్‌సీ2 (మూడోది), 30 దగ్గర ఎస్‌డీహెచ్‌బీ (రెండోది) బాగానే వస్తున్నాయి. 40 దగ్గర ఉండాల్సిన ఎంటీసీఓ1 (నాలుగోది) అసలు లేదు. 20 దగ్గర ఎన్‌డీయూఎఫ్‌బీ8 (ఒకటోది) పలచగా ఉంది. కాలేయం లేన్‌లో 50, 25 దగ్గర లెక్కలో లేని రెండు బ్యాండ్లు. మందు ఇచ్చిన ఎలుకల్లో నాలుగో కాంప్లెక్స్ తగ్గిందని రాయొచ్చా?

కర్నూలు, బయోకెమిస్ట్రీ:
ముందు ఒకటి చెప్పు తమ్ముడూ, మందు ఇయ్యని ఎలుకల్లో ఆ బ్యాండ్ ఉందా? వెల్స్ (శాంపిల్ పోసే గుంటలు) అడుగున మసక ఏమైనా ఉందా?

అనంతపురం:
వాటిలోనూ లేదు సార్. జెల్ పైఅంచున నల్లటి చారలా ఉంది.

కర్నూలు:
అయితే మందు పాపం లేదు, ఆ 95 డిగ్రీలదే తప్పు. ఎంటీసీఓ1 పొరను పన్నెండుసార్లు దాటే ప్రొటీన్, ఒళ్లంతా కొవ్వును ఇష్టపడే భాగమే. ఎస్‌డీఎస్ డిటర్జెంట్‌లో ఉడికిస్తే విడిపోదు, ఒకదానికొకటి ముద్దకట్టి వెల్ దగ్గరే ఆగిపోతుంది. నువ్వు చూసిన చార అదే. శాంపిల్‌ను 37 డిగ్రీల్లో 30 నిమిషాలు, లేదా 50 డిగ్రీల్లో 5 నిమిషాలు ఉంచు, అంతకు మించొద్దు. ఉడికించకపోతే ప్రొటియేజులు (ప్రొటీన్లను కోసే ఎంజైములు) కొంచెం బతికే ఉంటాయి, కాబట్టి లైసిస్ బఫర్‌లోనే ఇన్హిబిటర్ కలుపు.

ఇంకోటి, ఎంటీసీఓ1 అసలు బరువు 57 దాకా ఉంటుంది, జెల్ మీద మాత్రం 40 దగ్గర పరుగెత్తుతుంది. 57 దగ్గర వెతికి లేదని దిగులుపడకు.

కడప, టెక్నాలజిస్ట్:
ఎన్‌డీయూఎఫ్‌బీ8 పలచన కావడానికి మెంబ్రేన్ కారణం కావచ్చు. 20 కిలోడాల్టన్లది 0.45 రంధ్రాల్లోంచి అవతలికి దూరిపోతుంది. 0.2 మైక్రాన్ పీవీడీఎఫ్ వాడండి, మిథనాల్‌లో తడపడం మరవద్దు. ట్రాన్స్‌ఫర్‌కి 10 మిల్లీమోలార్ క్యాప్స్ బఫర్, పీహెచ్ 11, 10 శాతం మిథనాల్ పెట్టి చూడండి, ఈ ప్రొటీన్లకు బాగా పడుతుంది. ట్యాంకులో ఐస్ ఉండాలి. ప్రోటోకాల్‌లో గది ఉష్ణోగ్రత అంటే 20 నుంచి 25 డిగ్రీలు, మే నెలలో మన అనంతపురం గది కాదు. ప్రైమరీని (ప్రొటీన్‌ను పట్టే మొదటి యాంటీబాడీ) రాత్రంతా 4 డిగ్రీల్లోనే ఉంచండి, బల్ల మీద పెడితే పాలపొడి బ్లాకింగ్ పులుస్తుంది. ట్రాన్స్‌ఫర్ అయ్యాక పాన్సో (ప్రొటీన్లన్నిటికీ పట్టే ఎర్ర రంగు) వేసి, బ్యాండ్లు కింది దాకా ఉన్నాయో లేదో చూశాకే యాంటీబాడీ ఖర్చుపెట్టండి.

కర్నూలు:
ఖర్చు మాట వచ్చింది కాబట్టి: 250 వంతులకి ఒకటి డైల్యూషన్ అయితే 10 మిల్లీలీటర్లకి 40 మైక్రోలీటర్లు పడుతుంది. చిన్న మెంబ్రేన్‌ను పాలిథిన్ కవర్లో పెట్టి అంచులు సీల్ చేసి, గాలి బుడగలు వేలితో తోసేస్తే 3 మిల్లీలీటర్లు చాలు, అంటే 12 మైక్రోలీటర్లే. ఆ యాంటీబాడీ ద్రావణాన్ని దాచి మళ్లీ వాడాలనుకుంటే చెడకుండా సోడియం అజైడ్ వేస్తారు. అయితే హెచ్‌ఆర్‌పీ (సిగ్నల్ ఇచ్చే ఎంజైమ్) తగిలించిన సెకండరీ, అంటే ప్రైమరీని పట్టే రెండో యాంటీబాడీ, గిన్నెలోకి ఆ చుక్క పోయిందా, సిగ్నల్ చచ్చినట్టే. మధ్యలో కడుగుళ్లు గట్టిగా ఉండాలి.

అనంతపురం:
మరి కాలేయంలో ఆ 50, 25 సంగతి?

కడప:
అది ఎలుక రక్తంలోని ఐజీజీ, అంటే దాని సొంత యాంటీబాడీ: బరువు చైన్ 50, తేలిక చైన్ 25. మీ యాంటీ-మౌస్ సెకండరీ ర్యాట్ ఐజీజీని కూడా పట్టుకుంటోంది. ర్యాట్ సీరమ్‌తో అడ్సార్బ్ చేసిన (ర్యాట్ ఐజీజీని పట్టేవాటిని ముందే తీసేసిన) సెకండరీ తెప్పించుకోండి, అవయవాలను చల్లటి సెలైన్‌తో పర్ఫ్యూజ్ చేసి రక్తం పోగొట్టండి. నమ్మకం కలగాలంటే ఒక స్ట్రిప్‌కి ప్రైమరీ వేయకుండా సెకండరీ మాత్రమే వేయండి, ఆ రెండు బ్యాండ్లు అక్కడా వస్తాయి. 50 అనేది 48కీ 55కీ మధ్యన కూర్చుంటుంది, యూక్యూసీఆర్‌సీ2 కొలిస్తే దీన్నే కొలిచేస్తారు.

లోడింగ్ కంట్రోల్ (లేన్లలో ప్రొటీన్ సమానంగా పడిందో చూపేది) ఏం వాడుతున్నారు?

అనంతపురం:
అదే మెంబ్రేన్ మీద బీటా యాక్టిన్ మేడమ్.

కడప:
అది 42, ఎంటీసీఓ1 పక్కనే, కలిసిపోతాయి. పైగా యాక్టిన్ కణం ఎంత వేశారో చెబుతుంది కానీ మైటోకాండ్రియా ఎంత ఉందో చెప్పదు. మైటోకాండ్రియా ప్రొటీన్ వీడాక్ పెడదామంటే 32 దగ్గర వచ్చి ఎస్‌డీహెచ్‌బీ మీద పడుతుంది. దానికి వేరే జెల్ నడపండి, కాక్‌టెయిల్ మెంబ్రేన్‌కి పాన్సో ఫోటో తీసి టోటల్ ప్రొటీన్‌తో సరిచూడండి. ఏటీపీ5ఏ బ్యాండ్ తొందరగా సాచురేట్ అవుతుంది, కాబట్టి ఎక్స్‌పోజర్లు రెండు తీయండి: దానికి తక్కువది, ఎన్‌డీయూఎఫ్‌బీ8కి ఎక్కువది.

కర్నూలు:
ఫలితం చదివేటప్పుడు ఇది గుర్తుంచుకో. ఎన్‌డీయూఎఫ్‌బీ8 న్యూక్లియస్ జన్యువుదే, అయినా ఒకటో కాంప్లెక్స్ సరిగ్గా కూడకపోతే నిలవదు, అందుకే దాన్ని గుర్తుగా పెట్టారు. ఎంటీసీఓ1 మైటోకాండ్రియా డీఎన్ఏదే, రెండో కాంప్లెక్స్‌లో మాత్రం ఆ డీఎన్ఏది ఒక్క ప్రొటీనూ లేదు. కాబట్టి ఎస్‌డీహెచ్‌బీ నిలిచి ఎన్‌డీయూఎఫ్‌బీ8, ఎంటీసీఓ1 రెండూ పడిపోతే ఆ డీఎన్ఏ వైపు అనుమానించు. ప్రొటీన్ తగ్గితే పని తగ్గిందని మాత్రం రాయొద్దు. ఒకటో కాంప్లెక్స్‌కి 340 నానోమీటర్ల దగ్గర ఎన్‌ఏడీహెచ్ తగ్గుదల చూసి, రోటెనోన్ (ఒకటో కాంప్లెక్స్‌ను ఆపేది) వేసినప్పటిది తీసేస్తే వచ్చేదే దాని వేగం.

అనంతపురం:
ఉడికించిన ట్యూబులు ఇంకా పద్నాలుగు ఉన్నాయి సార్. వాటిని కాపాడే దారి ఉందా?

కర్నూలు:
ఎంటీసీఓ1కి లేదు. కట్టిన ముద్ద మళ్లీ విడదు. ఎస్‌డీహెచ్‌బీ, ఏటీపీ5ఏ చూడడానికి ఉంచుకో. శాంపిల్ బఫర్ కలపని లైసేట్ మైనస్ 80 డిగ్రీల్లో మిగిలుంటే దాన్నుంచి కొత్తగా చెయ్యి, గుండె మైటోకాండ్రియా 5 మైక్రోగ్రాములు ఒక లేన్‌లో పాజిటివ్ కంట్రోల్‌గా పెట్టు.