మన ఊరి బడికి నిజంగా నూరేళ్లు నిండాయా?

కరణంగారి మనవడు:
బడి చరిత్ర పుస్తకం అచ్చుకు సిద్ధమైంది. అట్ట మీద ‘శతాబ్ది సంచిక’ అని వేయాలంటాను. మా ముత్తాతగారి అరుగు మీద వీధి బడి మొదలై నూరేళ్లు దాటింది.

రిటైర్డు మాస్టారు:
అరుగు మీద ఇసుకలో దిద్దించింది ప్రైవేటు వీధి బడి. ప్రవేశ రిజిస్టరులో మొదటి పేరు ఎక్కిన రోజే బడి పుట్టినరోజు. జిల్లా బోర్డు బడి 1959 తర్వాత పంచాయతీ సమితి బడి అయింది, మండలాలు వచ్చాక మండల పరిషత్ బడి అయింది. బోర్డు ఎన్నిసార్లు మారినా రిజిస్టరులో వరుస సంఖ్య తెగలేదు. దాని ప్రకారం నూరేళ్లకు ఇంకా సమయం ఉంది.

కరణంగారి మనవడు:
ఆ రిజిస్టరులో సగం మంది జూలై 1న పుట్టారు! మాస్టార్లు చూపుతో వయసు కట్టి వేసిన తేదీలవి. దాన్నా మీరు సాక్ష్యం అంటున్నారు?

బెంచీ చివర:
నాదీ జూలై 1.

రిటైర్డు మాస్టారు:
నాదీ అంతే. మా అమ్మ లెక్కలో నేను దసరాకు పుట్టాను. ఆ తేదీ పుణ్యమా అని జూన్ 30నే ఇంటికి పంపారు, కొన్ని నెలల జీతం పోయింది. అయినా రిజిస్టరు రిజిస్టరే.

కరణంగారి మనవడు:
మీ జీతం సంగతి ఎవరడిగారు? బడి స్థలం మావాళ్లది. శిలాఫలకం మీద ముత్తాతగారి పేరు సున్నంతో కప్పేస్తే అప్పుడు ఒక్కరూ నోరెత్తలేదు.

చెరువుగట్టు:
మాలపల్లె పిల్లలను ఆ అరుగు ఎక్కనిచ్చారా? మా తాత చదివింది పల్లెలోని లేబరు స్కూల్లో. అంటరానివారన్న కులాల పిల్లల కోసం మద్రాసు ప్రభుత్వ లేబరు శాఖ నడిపిన తాటాకు పాక అది. తర్వాత హరిజన పాఠశాల అన్నారు, ఆ తర్వాత ఊరి బడిలో కలిపారు. పిల్లలకు ఇక్కడ కొత్త సంఖ్యలు పడ్డాయి, ఆ పాత రిజిస్టరు ఏమైందో అడిగినవారు లేరు. ముసాయిదా రెండుసార్లు చదివాను, పాక ఊసే లేదు.

కరణంగారి మనవడు:
బడి వయసు అడిగితే కులం ఎందుకండీ? ఆ కాలమే అలాంటిది.

రిటైర్డు మాస్టారు:
రికార్డు లేని బడి గురించి ఏ ఆధారంతో రాయమంటారమ్మా?

చెరువుగట్టు:
అరుగు బడికి ఏ రికార్డు ఉందని మూడు పేజీలు రాశారు మాస్టారూ? నూరేళ్లు వేస్తారో తొంభై వేస్తారో మీ ఇష్టం. ఆ నూరేళ్లలో మమ్మల్ని ఎప్పటి నుంచి లెక్కపెడుతున్నారని అడుగుతున్నాను.

రిటైర్డు మాస్టారు:
ఆ మూడు పేజీలూ నేను వద్దన్నవే. లేబరు స్కూల్లో చదివినవారు ఇంకా ఎవరైనా ఉంటే చెప్పమ్మా, వెళ్లి కలుస్తాను.

కరణంగారి మనవడు:
సరే, ఒక పేజీ మీరే రాసివ్వండి. మావాళ్లను మాత్రం తిట్టకండి.

చెరువుగట్టు:
తిట్టను. ఎవరు రానివ్వలేదో మాత్రం రాస్తాను.

బెంచీ చివర:
అయితే అచ్చు వాయిదా పడ్డట్టేనా? చందా కట్టేశాను.