సిరిమాను దారిలో మా పెంకుటిల్లు బిల్డర్‌కి ఇవ్వాలా? విజయనగరం వాళ్లు చెప్పండి

కోటవీధి కుర్రోడు:
అందరికీ నమస్కారం. పైడితల్లి జాతరలో సిరిమాను (పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడుగాటి మాను) తిరిగే దారిలో, గుడి నుంచి కోటకి వెళ్లే చోట మాకో మండువా ఇల్లుంది. తాత కట్టించింది. నాన్న పోయాక నేనూ ఇద్దరు అప్పలూ (అక్కలు) వాటాదారులం. నేను హైదరాబాద్‌లో, పెద్దప్ప వైజాగ్‌లో, చిన్నప్ప బొబ్బిలిలో. ఇంట్లో అమ్మ ఒక్కతే. బిల్డర్ సగం సగం అంటున్నాడు, కింద షాపులు, పైన ఫ్లాట్లు. చిన్నప్ప సంతకానికి రెడీ. పెద్దప్ప ఫోన్ చేసినప్పుడల్లా ఏడుపే. ఇలాంటిది దాటొచ్చిన వాళ్లుంటే చెప్పండి.

పెరటి జామచెట్టు:
మేం 2016లో ఇచ్చేశాం బాబూ. డబ్బుకి కాదు, రోడ్డు దెబ్బకి. నేను కాపురానికి వచ్చినప్పుడు వీధిలోంచి అరుగెక్కాలంటే నాలుగు మెట్లు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే పోశారు. మెట్లు ఒక్కొక్కటే రోడ్డులో కలిసిపోయాయి. చివరికి రోడ్డు మీంచి ఇంట్లోకి దిగాల్సొచ్చేది. వానొస్తే కాలవ నీళ్లు నట్టింట్లో. బియ్యం డబ్బాలు మంచం మీద, మేం కుర్చీల్లో. మండువా బాగుంటుందని ఫోటోలు తీసుకునేవాళ్లు ఆ నీళ్లు ఎత్తిపోయరు కదా. ఇప్పుడు రెండో అంతస్తులో హాయిగా, పొడిగా ఉన్నాం. ఇంతకీ మీ అమ్మగారిని ఎవరైనా అడిగారా?

కోటవీధి కుర్రోడు:
అడిగానండీ. "మీ ఇష్టం" అంది. మా అమ్మ మీ ఇష్టం అందంటే ఇష్టం లేదని.

సున్నం మేస్త్రి:
ముందు గోడలు చూడండి. సున్నంతో కట్టినవేనా? మధ్యలో ఎప్పుడైనా సిమెంటు పూత పూయించారా? అక్కడే రోగం. సున్నం గోడ తడి పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుని పెచ్చులూడుతుంది. గోడ చచ్చిపోయిందనుకుని ఇల్లే పడగొట్టేస్తారు. మా నాన్న గానుగలో సున్నం, ఇసుక తిప్పి కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవాడు. ఆ పని అడిగేవాళ్లు లేక నేనూ స్లాబులే వేస్తున్నాను, దాచుకోవడం ఎందుకు.

ఇక పైకప్పు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పెంకులు ఎగిరిపోయాయి. నేసే మనుషులు దొరక్క చాలామంది ప్రస్తుతానికని రేకులు వేయించుకున్నారు. ఆ ప్రస్తుతం ఇప్పటికీ నడుస్తోంది. మిగిలిన పెంకుల సంగతి కోతులు చూసుకున్నాయి.

అయ్యకోనేరు గట్టు:
బొబ్బిలిలో ఉన్న మీ చిన్నప్ప మాటకేం గానీ, ఊరి సంగతి కూడా చూడండి. కోట 1713 నాటిది, ఘంటస్తంభం 1885లో కట్టింది, 68 అడుగులు. చిన్నప్పుడు మా మేడెక్కితే కనిపించేది. ఇప్పుడు ఫ్లెక్సీలు దాటుకుని కిందికెళ్తే గానీ టైము కనబడదు. షోరూములన్నీ అద్దాలూ షీట్లే. ఫోటో తీసి పంపితే ఇది మన ఊరో విజయవాడో ఎవరూ చెప్పలేరు. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి ఇంకా ఎన్ని లేస్తాయో.

2020లో మన ఊరి పాత మూడు లాంతర్ల స్తంభం తీసేసినప్పుడు అందరం ఫేస్‌బుక్‌లో గోల పెట్టాం. నేనూ పెద్ద పోస్టు రాశాను. ఆ ఏడాదే మా పెదనాన్న ఇల్లు పడగొట్టించాం. దాని మీద నేనొక్క ముక్క రాయలేదు. టేకు స్తంభాలు పాత కలప కొనేవాడు తూకమేసి తీసుకుపోయాడు.

నాగావళి ఒడ్డు:
మాది సిక్కోలు (శ్రీకాకుళం). మేం మధ్యేమార్గం పట్టాం. ముందు అరుగు, సావిడి అలాగే ఉంచి, వెనక పెరట్లో రెండంతస్తులు లేపాం. స్థలం లోతుగా ఉంటేనే కుదురుతుంది, వెడల్పు తక్కువైతే మానేయండి. కొత్త గదికి పాత చెక్కడపు ద్వారబంధమే పెట్టించాను. ఎత్తు చాలదని మేస్త్రి మొత్తుకున్నా వినలేదు. ఏడేళ్లయింది, మా బావ వచ్చిన ప్రతిసారీ నుదురు కొట్టుకుని నన్ను తిడుతూనే ఉన్నాడు.

ఒకటే పశ్చాత్తాపం. మండువా మూసేశాం. నాలుగు వైపుల నుంచీ చూరు నీళ్లు కింద పెట్టిన గంగాళంలో పడుతుంటే మా మామ్మ నిద్రలోనే వాన పెద్దదో చిన్నదో చెప్పేది. ఇప్పుడు పైన ఫైబర్ షీటు. చినుకు పడినా పెద్ద వానలా మోగుతుంది.

కోటవీధి కుర్రోడు:
అందరికీ థాంక్స్. నిన్న అప్పలతో కాన్ఫరెన్స్ కాల్ మాట్లాడాను. దసరా తర్వాతి మంగళవారం సిరిమాను అయ్యేదాకా ఏమీ తేల్చకూడదనుకున్నాం. ఆ రోజు మా అరుగు మీద యాభై మందికి తక్కువ ఉండరు. సిరిమాను మూడుసార్లు గుడికీ కోటకీ తిరిగేలోపు అమ్మ రెండు బిందెల మజ్జిగ పోస్తుంది. అందులో సగం మంది పేర్లు మాకు తెలీవు. బిల్డర్ ప్లానులో అరుగు జాగాలో సెల్లార్‌కి దిగే ర్యాంపు వేశాడు. పెద్దప్ప ఆ కాగితం చూసే ఏడుస్తోందని నిన్నే తెలిసింది.

జామచెట్టు గారూ, మా ఇల్లు ఇంకా రోడ్డుకి ఒక మెట్టు పైనే ఉంది. మేస్త్రి గారూ, పూత సిమెంటుదే, మీరన్నట్టే కింద రెండడుగులు పెచ్చులు. ముందు వానలకి కప్పు నేయించాలి. ఓ మూడొందల పెంకులు తక్కువ. పాత గూన పెంకులు ఇంకా ఎక్కడైనా కాలుస్తున్నారా?

సున్నం మేస్త్రి:
కొత్తవి నాకు తెలిసి దొరకవు బాబూ. ఇళ్లు పడగొట్టే చోటే దొరుకుతాయి. వచ్చే సోమవారం మేం ఒకటి విప్పుతున్నాం. ఆటో తెచ్చుకోండి.