'సెట్' అనే ఒక్క మాటకు ఉన్న అర్థాలన్నీ పిల్లల చేత బట్టీ పట్టించాలా?

బ్రాడీపేట నాన్న, గుంటూరు:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ట్యూషన్‌లో 'సెట్' అనే మాటకు అర్థాలు రాసిచ్చారు. పెట్టు, అమర్చు, గట్టిపడు, అస్తమించు, నిర్ణయించు, సిద్ధంగా ఉన్న, జట్టు, సమితి... కాగితం రెండు వైపులా నిండిపోయింది. గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంది. కానీ ఇంగ్లీషు పేపర్లో 'కోర్టు ఆ ఆర్డర్‌ని సెట్ అసైడ్ చేసింది' అనే వార్త చదివించి అడిగితే, "పక్కన పెట్టారు నాన్నా, తర్వాత చూస్తారేమో" అంది. సెట్ అంటే పెట్టు, అసైడ్ అంటే పక్కన. పిల్ల తప్పేముంది? నేర్పినట్టే చెప్పింది. ఇలా జాబితాలు అప్పజెప్పించడం వల్ల నష్టమే ఎక్కువని నా అభిప్రాయం. మీరేమంటారు?

బందరు రోడ్డు మాస్టారు, విజయవాడ:
అయ్యా, జాబితాలు రాసిచ్చేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇంట్లో ఇంగ్లీషు వినపడే పిల్లలకు జాబితా అక్కర్లేదు, ఒప్పుకుంటాను. ఒక మాటను వాళ్లు వంద సందర్భాల్లో వింటారు. నా దగ్గరకు వచ్చేది కాళేశ్వరరావు మార్కెట్లో ముఠా పని చేసేవాళ్ల పిల్లలు, ఆటో డ్రైవర్ల పిల్లలు. వాళ్లకు ఇంగ్లీషు కనిపించేది పాఠ్యపుస్తకంలోనే. ఆ వంద సందర్భాలు వాళ్లకెవరిస్తారు?

ఇంకో మాట. తెలుగులో మనం 'సెట్'ని మన ఇష్టమొచ్చినట్టు వాడుకుంటున్నాం. సంబంధం సెట్ అయింది, ఈ చొక్కా నాకు సెట్ కాలేదు, వాడి లైఫ్ సెట్. పిల్లలు దాన్నే ఇంగ్లీషులోకి దించేస్తారు. 'దిస్ షర్ట్ ఈజ్ నాట్ సెట్ టు మీ' అని రాసిన పేపర్లు నేను దిద్దుతూనే ఉంటాను. అక్కడ రావలసింది 'ఫిట్' లేదా 'సూట్'. అసలు ఇంగ్లీషులో 'సెట్'కి ఏ అర్థాలున్నాయో ఒక చోట చూపిస్తే తప్ప ఏ అర్థం లేదో వాళ్లకు ఎలా తెలుస్తుంది?

కోర్టు జూనియర్, విజయవాడ:
బ్రాడీపేట నాన్నగారూ, మీ అమ్మాయి తడబడిన చోటే మా దగ్గరకు వచ్చే కక్షిదారులూ తడబడతారు. కోర్టు ఒక ఉత్తర్వును 'సెట్ అసైడ్' చేసిందంటే కొట్టేసిందని అర్థం. ఇక ఆ ఉత్తర్వు చెల్లదు. తెలుగు పేపర్లు కూడా 'తీర్పును కొట్టేసింది' అనే రాస్తాయి. అదే 'జీతంలో కొంత సెట్ అసైడ్ చేశాను' అంటే మీ అమ్మాయి చెప్పినట్టు పక్కన పెట్టడమే. మాటలు అవే, పక్కనున్నది డబ్బా, ఉత్తర్వా అన్నదే తేడా.

ఒకాయన ఎక్స్‌పార్టీ డిక్రీ సెట్ అసైడ్ అయిందని విని ఇంకా పెండింగ్‌లోనే ఉందనుకుని టెన్షన్ పడుతూ వచ్చాడు. నిజానికి అది ఆయనకు మంచి వార్త. ఆయన పరోక్షంలో ఇచ్చిన డిక్రీ పోయింది, తన వాదన వినిపించుకునే అవకాశం వచ్చింది. అది అర్థమయ్యేలా చెప్పడానికి చాలాసేపు పట్టింది.

'సెట్ ఆఫ్' సంగతీ చెబుతాను. బయల్దేరడం, టపాసు పేల్చడం అని జాబితాలో ఉంటుంది. మా సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 8 రూల్ 6 సెట్-ఆఫ్ గురించే. డబ్బు బాకీ ఉన్నావని దావా వేసినవాడు నాకూ బాకీ ఉన్నాడు, అది ఇందులో మినహాయించండి అని ప్రతివాది అడగడం. రిమాండులో గడిపిన రోజుల్ని శిక్షలోంచి తీసేయడాన్నీ సెట్-ఆఫ్ అనే అంటారు, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 428 సెక్షన్. టపాసుల అర్థం పట్టుకుని ఇవి చదివితే ఏం బోధపడుతుంది?

సైట్ ఇంజనీర్, తాడేపల్లి:
నాది చిన్న మాట. జాబితాలో 'గట్టిపడు' అని ఉంది కదా, మా పనిలో అది చాలదు. సిమెంట్ సెట్ కావడం వేరు, హార్డెన్ కావడం వేరు. మామూలు సిమెంట్‌కి ఇనీషియల్ సెట్టింగ్ 30 నిమిషాలకన్నా ముందు జరగకూడదు, ఫైనల్ సెట్టింగ్ 600 నిమిషాలు దాటకూడదు అని ఐఎస్, అంటే ఇండియన్ స్టాండర్డ్, ప్రమాణం. సెట్ అయిందంటే ఇక మెత్తగా లేదు, తాపీతో సర్దడానికి లొంగదు అని. బలం రావడం ఆ తర్వాత సంగతి, దానికి మేం 28 రోజుల లెక్క చూస్తాం. తెలుగులో రెంటికీ 'గట్టిపడటం' అనేస్తే, స్లాబ్ సెట్ అయిందిగా అని క్యూరింగ్ నీళ్లు మానేసేవాళ్లు తయారవుతారు.

ఏసీ కాలేజీ పాత విద్యార్థి, గుంటూరు:
మాస్టారూ, జాబితా ఇవ్వాలంటే ఎక్కడ ఆపుతారు? 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికన్నా పొడవైన ఎంట్రీ 'సెట్' అనే క్రియదే. సుమారు 430 అర్థాలు, దాదాపు 60,000 మాటల వివరణ. తర్వాతి సవరణల్లో 'రన్' దాన్ని దాటింది, క్రియగానే 645 అర్థాలు.

నా దృష్టిలో పిల్లలకు చెప్పాల్సింది పుట్టుక. 'సిట్' అంటే కూర్చోవడం, 'సెట్' అంటే కూర్చోబెట్టడం. మన దిగు-దించు, నిండు-నింపు లాంటి జంట అది. లై-లే (పడుకోవడం-పడుకోబెట్టడం), ఫాల్-ఫెల్ (పడటం-చెట్టు లాంటిదాన్ని పడగొట్టడం) కూడా ఆ కోవలోవే. ఉంగరంలో రాయి పొదగడం, విరిగిన ఎముకను సరిచేసి కట్టడం, అలారం పెట్టడం, ధర ఖాయం చేయడం, అన్నీ ఒకదాన్ని దాని చోట కుదురుగా కూర్చోబెట్టడమే. ఇది తెలిస్తే సగం జాబితా దానంతటదే వచ్చేస్తుంది.

మిగతా సగం రాదు, ఎందుకంటే గుంపు అనే అర్థమున్న 'సెట్' ప్రధానంగా వేరే దారిన వచ్చింది. లాటిన్ 'సెక్టా' నుంచి పాత ఫ్రెంచి మీదుగా. స్టీలు డబ్బాల సెట్, లెక్కల్లో సమితి ఆ వంశం. ఇక మన పాత ఎంసెట్‌లో, ఇప్పటి ఈఏపీసెట్‌లో సెట్ అసలు ఈ మాటే కాదు, కామన్ ఎంట్రన్స్ టెస్ట్‌లోని మూడక్షరాలు. తెలుగులో రాస్తే మాత్రం అన్నీ ఒకటే.

బందరు రోడ్డు మాస్టారు:
దిగు-దించు బాగుంది, వచ్చే క్లాసులో చెబుతాను. కానీ మీరు చెప్పినదంతా తెలిసినా 'సన్ సెట్స్', 'వింటర్ సెట్స్ ఇన్' దగ్గర పిల్లవాడు ఆగిపోతాడు. అక్కడ ఎవరూ దేన్నీ కూర్చోబెట్టడం లేదు.

మిర్చి రైతు కొడుకు, గుంటూరు జిల్లా:
నేను అగ్రికల్చర్ డిప్లొమా చదివాను. 'ఫ్రూట్ సెట్' అని పుస్తకంలో చూసి పళ్ల బుట్ట అనుకున్నవాళ్లున్నారు మా క్లాసులో. పూత నిలిచి పిందె కట్టడం అన్నమాట. మా నాన్నకు ఇంగ్లీషు ముక్క రాదు, కానీ ఎండలు ముదిరితే మిర్చిలో పూత రాలుతుంది, పిందె కట్టదు అని మా లెక్చరర్ కన్నా బాగా చెబుతాడు.

మాస్టారూ, ఒక్కటి అడుగుతాను. మన 'కొట్టు' చూడండి. తోటకు మందు కొట్టాలి, కొబ్బరికాయ కొట్టు, చప్పట్లు కొట్టు, బోరు కొడుతోంది, ఫోన్ కొట్టు, జేబు కొట్టేశాడు, కేసు కొట్టేశారు. వీటికి మనకెవరైనా జాబితా ఇచ్చారా? 'మందు' పక్కన ఉంటే పిచికారీ, 'జేబు' పక్కన ఉంటే దొంగతనం. ఇంట్లో, పొలంలో పక్క మాటతో సహా విన్నాం కాబట్టి వచ్చింది. ఇంగ్లీషు వినపడని పిల్లలని మీరే అన్నారు. వాళ్లకు విడి మాట ఇస్తే ఏం లాభం? పక్క మాటతో కలిపి ఇవ్వాలి.

ఏసీ కాలేజీ పాత విద్యార్థి:
తమ్ముడు చెప్పిన ముక్కే జె.ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ భాషావేత్త 1957లో రాశాడు, మాటను దాని సావాసాన్ని బట్టి గుర్తుపట్టాలని. ఆయన 1919 నుంచి 1928 దాకా లాహోరులో ఇంగ్లీషు ప్రొఫెసరు.

బందరు రోడ్డు మాస్టారు:
బాబూ, బాగా చెప్పావు. 'సెట్ = గట్టిపడు' అని కాకుండా 'సిమెంట్ సెట్స్', 'కర్డ్ సెట్స్' అని రాసి, ఎదురుగా 'పెరుగు తోడుకుంది' అని ఇవ్వొచ్చు. కానీ జాబితా మాత్రం ఉంటుంది. పరీక్షలో విడి మాట ఇచ్చి సమానార్థకం గుర్తించమంటారు, పిల్లవాడి దగ్గర ఉండేది అరనిమిషం. ఆ పరీక్ష పెట్టేది నేను కాదు.

బ్రాడీపేట నాన్న:
మాస్టారూ, అలాంటి కాగితం తయారైతే నాకూ ఒకటి పంపండి. కోర్టు వాక్యం, డబ్బు వాక్యం పక్కపక్కనే రాసి చూపిస్తే మా అమ్మాయికి అర్థమైంది. ఆ తర్వాత తనే అడిగింది, సెట్ అసైడ్‌కి ఇంకా వేరే అర్థాలున్నాయా అని. అయితే పరీక్ష కోసం బట్టీ పట్టించే విషయంలో నేను మీతో ఏకీభవించను. తొమ్మిదో తరగతి పిల్లకు ఇప్పటినుంచీ ఆ అరనిమిషం భయం పెట్టాల్సిన పనిలేదు.