నాన్న ఇనప్పెట్టెలో దొరికిన పాస్‌బుక్కు, ఎఫ్‌డీ రసీదు, తాత పేరున భూపరిహారం నోటీసు: ఎక్కడ మొదలుపెట్టాలి?

రాజాం_కుర్రోడు:

మాది రాజాం దగ్గర పల్లె. చనిపోయిన నాన్నగారి ఇనప్పెట్టెలో మూడు కాగితాలు దొరికాయి.

ఒకటి, శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు పాస్‌బుక్కు. చివరి ఎంట్రీ 2003, నిల్వ 11 వేల చిల్లర. రెండోది ఆంధ్రా బ్యాంకు ఎఫ్‌డీ రసీదు, 2009లో మెచ్యూరిటీ, చేతికి రావాల్సింది 52,000. నామినీ గడి ఖాళీ. మూడోది మడ్డువలస ప్రాజెక్టులో పోయిన భూమి తాలూకు కోర్టు నోటీసు. తాత పేరున ఉంది, మీద ఎల్‌ఏఓపీ (భూసేకరణ కేసు) నంబరు కనబడుతోంది.

నాన్నగారి తరఫున అమ్మ, నేను, చెల్లి ఉన్నాం. తాతకి నాన్న కాక ఇద్దరు కూతుళ్లు. ఎవరూ అడగని బ్యాంకు డబ్బు వెతికే రిజర్వ్ బ్యాంకు ఉద్గమ్ వెబ్‌సైట్‌లో నాన్న పేరు కొడితే ఏమీ రాలేదు. ఊళ్లో ఒకాయన "15 శాతం ఇయ్యండి, అన్నీ నేను తెప్పిస్తా, ఆధార్‌కి వచ్చే ఓటీపీ చెప్తే చాలు" అంటున్నాడు. ఇప్పుడు ఏటి చేయాలి? డబ్బు పోయినట్టేనా?

కౌంటర్_నంబర్_3:

పోలేదండీ. ముందు ఆ ఓటీపీ మాట పక్కన పెట్టండి. ఈ పనిలో ఎక్కడా మీ ఓటీపీ ఇంకొకరికి చెప్పాల్సిన అవసరం రాదు. వాట్సాప్‌లో "క్లెయిమ్ యాప్" అని ఏపీకే ఫైలు పంపితే తెరవొద్దు.

పదేళ్లు కదలని ఖాతా, మెచ్యూరిటీ దాటి పదేళ్లు ఎవరూ అడగని ఎఫ్‌డీ, రెండూ బ్యాంకు నుంచి రిజర్వ్ బ్యాంకు దగ్గరున్న డిపాజిటర్ల నిధికి వెళ్తాయి. 2014లో పెట్టిన నిధి ఇది. వెళ్లినా మీ హక్కు పోదు, గడువూ లేదు. అడగాల్సింది కూడా రిజర్వ్ బ్యాంకుని కాదు, మీ బ్యాంకునే. బ్యాంకు ముందు మీకు చెల్లించి, తర్వాత ఆ నిధి నుంచి తెచ్చుకుంటుంది. "ఆర్‌బీఐ నుంచి వచ్చాక ఇస్తాం, అప్పటిదాకా ఆగండి" అని కౌంటర్లో అంటే ఒప్పుకోకండి.

ఉద్గమ్‌లో రాకపోవడానికి మీ విషయంలో కారణాలు తేలిగ్గానే కనబడుతున్నాయి. ఆ వెబ్‌సైట్ 2023 ఆగస్టులో 7 బ్యాంకులతో మొదలై 2024 మార్చికి 30 బ్యాంకులకు పెరిగింది. గ్రామీణ బ్యాంకుల ఖాతాలు అందులో వెతికి లాభం లేదు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, కాబట్టి జాబితాలో యూనియన్ బ్యాంకునే ఎంచుకోవాలి. ఇంకొకటి, మీరు పాన్ నంబరు ఇచ్చి వెతికి ఉంటారు. 2000ల నాటి పల్లెటూరి ఖాతాకి పాన్ అతికించి ఉండదు. పుట్టినతేదీ కూడా చాలాసార్లు ఉత్తినే 01-01 వేసి ఉంటుంది. పాన్, ఓటరు కార్డు, లైసెన్సు, పాస్‌పోర్టు, పుట్టినతేదీ వీటిలో ఏదీ కుదరకపోతే అడ్రసుతో వెతకొచ్చు. అక్కడ జిల్లా శ్రీకాకుళం అని కొట్టండి. రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది 2022 ఏప్రిల్‌లో, ఖాతా అంతకన్నా పాతది.

దొరికితే యూడీఆర్ఎన్ అనే గుర్తింపు నంబరు వస్తుంది, అది రాసుకోండి. దొరక్కపోయినా నష్టం లేదు. చేతిలో రసీదు ఉన్నవాడికి ఉద్గమ్ అవసరమే లేదు, అది కాగితం పోగొట్టుకున్నవాళ్ల కోసం.

గ్రామీణ బ్యాంకు దారి ఇది: శ్రీ విశాఖ 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయింది. అది మన రాష్ట్రం మేరకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. పాస్‌బుక్కు మీదున్న బ్రాంచికే వెళ్లండి. కంప్యూటర్లు రాకముందు ఇచ్చిన పొట్టి ఖాతా నంబరు కొడితే "రాంగ్ నంబర్" అంటుంది. అంతటితో వెనక్కి రావొద్దు. పాత నంబరుకి కొత్త పొడవాటి నంబరు ఏదో బ్రాంచిలో చూసి తీయగలరు. పేరుతో, లెడ్జర్ ఫోలియోతో (పాత ఖాతా పుస్తకంలో పేజీ నంబరు) వెతకమని అడగండి.

వడ్డీ గురించి: ఆటో రెన్యూవల్ రాసి లేని ఎఫ్‌డీకి మెచ్యూరిటీ తర్వాత వచ్చేది సేవింగ్స్ వడ్డీయే. నిధికి వెళ్లాక బారు వడ్డీ: 2018 జూన్ ఆఖరు దాకా 4 శాతం, అక్కణ్నుంచి 2021 మే 10 దాకా 3.5, ఆ మర్నాటి నుంచి 3 శాతం. మీ 52 వేలు 2025 ఆఖరుకి ఉజ్జాయింపుగా 85 నుంచి 92 వేల మధ్య తేలుతుంది. లక్షలు వస్తాయని ఊళ్లో చెప్పేవాళ్ల మాట నమ్మకండి. రసీదు వెనక ఆటో రెన్యూవల్ టిక్కు ఉంటే మాత్రం లెక్క వేరు, ఎక్కువే వస్తుంది.

కౌంటర్_నంబర్_3:

కాగితాల సంగతి విడిగా రాస్తున్నా. నామినీ లేడు కాబట్టి వారసుల క్లెయిము అవుతుంది. 2025 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన కొత్త ఆదేశాల ప్రకారం 15 లక్షల దాకా (సహకార బ్యాంకులో అయితే 5 లక్షల దాకా) సులువు పద్ధతే. బ్యాంకులకు దీని అమలుకి ఇచ్చిన గడువు 2026 మార్చి 31. మీరిచ్చేవి: క్లెయిము ఫారం, మరణ ధ్రువపత్రం, డబ్బు తీసుకునేవాళ్ల ఆధార్, పాన్, ఇండెమ్నిటీ బాండు (తర్వాత వేరే హక్కుదారు వస్తే నష్టం భరిస్తామన్న హామీ), తీసుకోని వారసుల నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, వారసులెవరో చెప్పే కాగితం. ఆ ఆఖరుది తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావచ్చు, లేదా మీ కుటుంబాన్ని బాగా ఎరిగిన, చుట్టరికం లేని మనిషి ఇచ్చే డిక్లరేషన్ కావచ్చు. ఈ పరిమితి లోపల బయటివాళ్ల హామీ సంతకం అడగకూడదు, కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మనకూడదు. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో తేల్చాలి.

అందుకే కాగితాలు ఇచ్చిన రోజే జిరాక్సు మీద బ్రాంచి ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. ఆ ముద్ర లేకపోతే 15 రోజుల లెక్క ఎక్కణ్నుంచో చెప్పలేరు. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు లేకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, ఫీజు లేదు. సందేహాలకు రిజర్వ్ బ్యాంకు ఫోన్ నంబరు 14448.

బొబ్బిలి_వీణ:

ఒక్క ముక్క కలుపుతాను. మీ నాన్నమ్మగారు బతికి ఉన్నారా? ఉంటే నాన్నగారి డబ్బులో ఆవిడకీ అమ్మతో, మీతో సమానంగా వాటా ఉంటుంది. సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టేటప్పుడు భార్య, పిల్లల పేర్లు రాసి పోయినాయన తల్లిని మర్చిపోవడం మామూలే. తర్వాత బ్యాంకు లా ఆఫీసర్ పట్టుకుంటే అన్నీ మళ్లీ మొదటికి.

పేర్ల స్పెల్లింగుతో కూడా జాగ్రత్త. మన వైపు పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లోకి ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. పైడితల్లి ఒకచోట పీ-వై-డీ, ఇంకోచోట పీ-ఏ-ఐ-డీ. అప్పలనాయుడు ఒక ముక్కగా ఉంటే ఖాతా ఒకటి, మధ్యలో ఖాళీ ఉంటే ఇంకొకటి. ఇంటిపేరు ముందు, వెనక, పొడి అక్షరం, పూర్తిగా, ఇలా కనీసం ఐదారు రకాలుగా కొట్టి చూడాలి. రసీదులో ఒక పేరు, మరణ ధ్రువపత్రంలో ఇంకో పేరు ఉంటే "ఇద్దరూ ఒకరే" అని నోటరీ అఫిడవిట్ ఇవ్వాలి. దాంట్లో రెండు పేర్లూ ఆయా కాగితంలో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయాలి. సరిచేసి అందంగా రాస్తే పనికిరాదు.

ఇంకోటి, నాన్నగారికి ఈమధ్యదాకా వాడిన ఖాతా ఏదైనా ఉంటే దాని స్టేట్‌మెంట్ తీయించండి. ఏటా మే ఆఖర్లో 330 గానీ (2022 జూన్ నుంచి 436), 12 గానీ (ఆ తర్వాత 20) కట్ అయినట్టు కనబడితే అవి ప్రధానమంత్రి బీమా ప్రీమియాలు. మొదటిది 55 ఏళ్ల లోపు ఏ కారణంతో పోయినా, రెండోది 70 లోపు ప్రమాదంలో పోతే, 2 లక్షలు. పెట్టెలో కాగితం ఉండదు కాబట్టి ఇది ఎవరికీ గుర్తుకు రాదు. ఆలస్యమైందని నోటిమాటతో పంపేస్తే ఊరుకోకండి, దరఖాస్తు ఇచ్చి జవాబు రాసిమ్మనండి.

ఎల్ఏ_గుమాస్తా:

ఆ మూడు కాగితాల్లో మూడోదే పెద్ద మొత్తం అయ్యుండొచ్చు, దాన్ని ఆఖరుకి నెట్టకండి.

ఎల్‌ఏఓపీ నంబరుందంటే రెండిట్లో ఒకటి. భూమి ఎవరిదన్న తగువు వల్ల పరిహారం కోర్టులో జమ చేసి ఉంటారు, లేదా రేటు పెంచమని మీ తాత వేసిన కేసు అయ్యుంటుంది. రెండోదైతే భూసేకరణ అధికారి ఇచ్చిన మొదటి మొత్తం తాత అప్పుడే తీసుకుని ఉంటారు, మిగిలింది పెరిగిన తేడా, దాని మీద వడ్డీ. 1894 చట్టం కింద ఆ వడ్డీ మొదటి ఏడాది 9 శాతం, తర్వాత 15 శాతం, కోర్టులో జమ అయ్యేదాకా. జమ అయ్యాక అది ఆగిపోతుంది. ఎవరూ అడక్కపోతే, ఎఫ్‌డీలో వేయమని ఎవరూ పిటిషన్ పెట్టకపోతే, డబ్బు పెరక్కుండా అలాగే పడి ఉంటుంది. కాబట్టి త్వరగా కదలండి.

మొదట తెలుసుకోవాల్సినవి: అవార్డు (పరిహారం తేల్చిన ఉత్తర్వు) నంబరు, తేదీ, సర్వే నంబరు, డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) అయిందా, ఎంత జమ అయింది, ఏ చలానా. నోటీసు మీదున్న కోర్టుకే వెళ్లండి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ఇలాంటి పాత కేసులు అన్నీ ఉండవు, అక్కడ లేదంటే కేసే లేదని అనుకోవద్దు. జమల రిజిస్టరు కోర్టు డబ్బు లెక్కలు చూసే సెంట్రల్ నాజర్ సెక్షన్‌లో ఉంటుంది. జడ్జిమెంటు, డిక్రీలకి సర్టిఫైడ్ కాపీ దరఖాస్తు పెట్టండి.

అదే సమయంలో భూసేకరణ ఫైలున్న ఆఫీసుకి (ఆర్డీఓ లేదా ఆ ప్రాజెక్టు స్పెషల్ డిప్యూటీ కలెక్టరు) సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో ఊరి స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5, ఆ పైన 10 రూపాయలు. "మా తాత డబ్బు ఎందుకు ఇవ్వలేదు" అని అడిగితే అది సమాచారం కాదని తిప్పేస్తారు. "ఫలానా అవార్డులో ఫలానా సర్వే నంబరుకి జమ చేసిన మొత్తం, తేదీ, చలానా నంబరు, కోర్టు పేరు, ఆ పేజీ నకలు" అని అడగండి. 30 రోజుల్లో రాకపోతే అదే ఆఫీసు పైఅధికారికి మొదటి అప్పీలు.

డబ్బు జమై ఉంటే వకీలు ద్వారా వారసులుగా చేర్చమని ఎల్‌ఆర్ పిటిషన్, దాంతోపాటు డబ్బు ఇప్పించమని చెక్ పిటిషన్ వేయాలి. డిక్రీ అయ్యి ప్రభుత్వం ఇంకా జమ చేయకపోతే ఈపీ (డిక్రీ అమలు చేయించమనే పిటిషన్) వేయాలి. దానికి డిక్రీ తేదీ నుంచి 12 ఏళ్ల గడువు, ముందు ఆ తేదీ చూడండి.

రాజాం_కుర్రోడు:

అందరికీ ధన్యవాదాలండీ. నాన్నమ్మ నాన్న కన్నా ముందే పోయింది. రెండు సందేహాలు. పెద్ద అత్తతో మాటల్లేవు, ఆవిడ సంతకం పెట్టనంటే? తాత 1991లో పోయారు, మరణం ఎక్కడా నమోదు చేయించలేదు.

ఎల్ఏ_గుమాస్తా:

ఎఫ్‌డీకీ, పాస్‌బుక్కుకీ మీ అత్తలతో సంబంధం లేదు, అవి నాన్నగారివి. కోర్టు డబ్బుకి కూడా ఆవిడ సంతకం అక్కర్లేదు. పిటిషన్‌లో ఆవిడని ప్రతివాదిగా చూపించండి, కోర్టే నోటీసు ఇస్తుంది. భూమి తాత స్వార్జితమైతే అత్తలకి మూడో వంతు చొప్పున, నాన్నగారి మూడో వంతులో మీ ముగ్గురికీ తొమ్మిదో వంతు చొప్పున. ఎవరి వాటా వాళ్ల ఖాతాలో పడుతుంది. తాతలనాటి ఉమ్మడి ఆస్తి అయితే లెక్క మారుతుంది, అది వకీలు దగ్గర తేల్చుకోండి. ఆవిడ పేరు దాచి పిటిషన్ వేస్తే మాత్రం, తర్వాత బయటపడి మీ చెక్కు కూడా ఆగిపోతుంది.

మరణం సంగతి: ముందు పంచాయతీ కార్యదర్శి దగ్గర "రిజిస్టరులో నమోదు లేదు" అన్న పత్రం తీసుకోండి. దాంతో ఆర్డీఓకి ఆలస్య నమోదు దరఖాస్తు పెట్టాలి. ఏడాది దాటిన మరణాలకి ఉత్తర్వు ఇచ్చే అధికారం 2023 సవరణ తర్వాత జిల్లా మేజిస్ట్రేటుకి, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకి ఉంది. మీకు ఆ ఆఫీసు ఇప్పుడు విజయనగరం జిల్లాలోది. వీఆర్వో విచారణకి వచ్చినప్పుడు తాతని ఎరిగిన ముసలివాళ్లు ఇద్దరు ఊళ్లో ఉండేలా చూసుకోండి. తేదీ సరిగ్గా తెలియకపోతే ఒక తేదీ అనుకుని అన్ని కాగితాల్లో అదే రాయించండి అని ఎవరైనా చెప్తే వినొద్దు. పాస్‌బుక్కు, పట్టా మార్పిడి, పెన్షను ఆగిన నెల, ఏదో ఒక ఆధారం వెతికి దాని ప్రకారం రాయించండి.

నెల్లిమర్ల_నుంచి:

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మూతపడ్డ జూట్ మిల్లులో పనిచేస్తూ పోయిన మా మామయ్య పీఎఫ్ ఎవరూ తీసుకోలేదు. మిల్లు లేదు కదా, సంతకం ఎవరు పెడతారు?

కౌంటర్_నంబర్_3:

యజమాని లేనప్పుడు గెజిటెడ్ అధికారి గానీ, ఖాతా ఉన్న బ్యాంకు మేనేజరు గానీ ధ్రువీకరించొచ్చు. పీఎఫ్‌కి ఫారం 20, బీమాకి 5ఐఎఫ్, పెన్షనుకి 10డీ, మూడూ కలిపి విశాఖ పీఎఫ్ ఆఫీసుకి ఇవ్వండి. అందరూ 20 ఒక్కటే ఇచ్చి ఊరుకుంటారు. 1995 నవంబరు 16 తర్వాత సర్వీసులో ఉండగా పోతే, ఒక్క నెల చందా కట్టి ఉన్నా భార్యకి పెన్షను వస్తుంది, ఆయన పోయిన మర్నాటి నుంచి లెక్క. పీఎఫ్ నంబరు లేకపోతే పాత జీతం చీటీ, ఈఎస్ఐ కార్డు వెతకండి. ఆయన పోయిన తేదీ, చేరిన ఏడాది ఇక్కడ రాస్తే మిగతాది చెప్తాం.