'దివ్యాంగులు' అనడం గౌరవమా, జాలా?

మధులత_గుంటూరు:
2015 డిసెంబరులో 'మన్ కీ బాత్'లో ప్రధాని మోదీ 'వికలాంగ్' బదులు 'దివ్యాంగ్' అందామన్నారు. మరుసటి ఏడాదికల్లా వికలాంగుల కోసం ఉన్న కేంద్ర శాఖ హిందీ పేరు మారింది, మన పేపర్లూ అందుకున్నాయి. నాకు పోలియో, ఎడమ కాలికి క్యాలిపర్, అంటే నడవడానికి ఊతమిచ్చే పరికరం. ఈ కాల్లో దివ్యత్వం ఎక్కడుందో నాకైతే కనబడలేదు. మామూలు మనిషిగా చూడటం చేతకాకే కదా దేవుళ్లను చేశారు! వరం అనేశాక ఇక ర్యాంపు ఎందుకు?

శ్రీనివాస్_కె:
మేడమ్, ప్రతిదానికీ పెడర్థాలు తీయకండి. 'వికల' మాత్రం ఏం గొప్ప మాట? మా అబ్బాయికి పుట్టుకతోనే వినబడదు. ఊళ్లో వాడి అసలు పేరు ఎవరికీ తెలీదు, 'చెవిటోడు' అంటే చాలు. స్కూల్ ఫంక్షన్లో మైకులో 'దివ్యాంగ విద్యార్థి' అని పిలిచినప్పుడు మా ఆవిడ మొహం చూడాల్సింది.

పంతులు_నల్గొండ:
శ్రీనివాస్ గారూ, ఆ సంతోషాన్ని కాదనను. కానీ తిట్టు కంటే నయమైనదల్లా గౌరవం అయిపోదు. 'హరిజన' సంగతి గుర్తుందిగా. గాంధీ మంచి మనసుతోనే వాడారు, అంబేద్కర్ ఒప్పుకోలేదు. పేరు పెట్టేది పైవాళ్లు, మోసేది కిందివాళ్లు. మన దగ్గర పింఛన్ల కోసం రోడ్డెక్కినవాళ్లు సంఘానికి 'వికలాంగుల హక్కుల పోరాట సమితి' అనే పెట్టుకున్నారు. 'దివ్యాంగ్' మీద వికలాంగుల సంఘాలు అప్పుడే అభ్యంతరం చెప్పాయి, 2019లో ఐక్యరాజ్యసమితి కమిటీ కూడా తప్పుబట్టింది. ఇక ఆంధ్రలో వాడే 'విభిన్న ప్రతిభావంతులు' మరీనూ! చూపులేని పిల్లాడు లెక్కల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కకూడదా?

కిరణ్99:
పేరేదైతేనేం సార్. 2016 వికలాంగుల హక్కుల చట్టంతో వైకల్యాల జాబితా 7 నుంచి 21కి పెరిగింది, ప్రభుత్వ ఉద్యోగాల కోటా 3 నుంచి 4 శాతమైంది. దాని గురించి మాట్లాడండి.

మధులత_గుంటూరు:
దాని గురించే కిరణ్ గారూ. వైకల్యం ఎంతో తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్ కోసం క్యాంపుకి వెళ్తే గేటు దగ్గర 'దివ్యాంగులకు స్వాగతం' అని ఫ్లెక్సీ. పరీక్ష చేసే గదేమో మేడ మీద, లిఫ్టు పనిచేయడం లేదు. ఒక పెద్దాయన చెప్పులు చేతులకు తొడుక్కుని మెట్లు పాకుతూ ఎక్కాడు. అటెండరు ఆయనకు దండం పెట్టాడు గానీ డాక్టర్ని కిందికి పిలవలేదు.

శ్రీనివాస్_కె:
అది ఘోరమే, ఒప్పుకుంటాను. కానీ ఆ ఫ్లెక్సీ మీద 'వికలాంగులకు' అని ఉన్నా లిఫ్టు కదిలేది కాదుగా. మా ఊరివాళ్ల నోటికి 'చెవిటోడు' బదులు ఇంకో మాట అందించాలి మేడమ్. మీ చట్టం మాట మా రచ్చబండ దాకా రాదు, ఇది వచ్చింది.