హీటర్ బ్లోయర్ నాలుగో స్పీడులో మాత్రమే తిరుగుతోంది

ప్రశ్న:
పాత కారు, నాబ్ తిప్పే మాన్యువల్ ఏసీ. 1, 2, 3లో బ్లోయర్‌లో చలనం లేదు, 4లో పెడితే ఫుల్లుగా కొడుతుంది. ఫ్యూజ్ బాగుంది. మోటార్ మార్చాలా, స్విచ్ మార్చాలా?

జవాబు 1:
మోటార్ జోలికి వెళ్లకండి. 4లో ఫుల్లుగా కొడుతోందంటే మోటార్, ఫ్యూజ్, ఎర్త్ మూడూ బాగున్నట్టే. బ్లోయర్ స్పీడు తగ్గించే రెసిస్టర్ పోయింది. కింది మూడు స్పీడుల్లో కరెంటు దాని చుట్టల గుండా వెళ్తుంది, 4లో దాన్ని తప్పించుకుని నేరుగా మోటార్‌కి అందుతుంది. మూడూ ఒకేసారి పోయాయి కాబట్టి దాని మీదుండే థర్మల్ ఫ్యూజే (మరీ వేడెక్కితే తెగిపోయేది, మీరు చూసిన ఫ్యూజ్ కాదు) తెగి ఉండాలి. ఒక్క స్పీడే పోతే స్విచ్‌నో, ఆ వైరునో, రెసిస్టర్‌లో ఒక చుట్టనో అనుమానించాలి.

చాలా కార్లలో ఇది గ్లవ్ బాక్స్ వెనక, బ్లోయర్ పక్కన గాలిగొట్టంలోకి దిగి ఉంటుంది, రెండు స్క్రూలే. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కప్లర్ (వైర్లు వచ్చి తగిలే ప్లాస్టిక్ కనెక్టర్) ఊడదీసి, మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి, మోటార్‌కి వెళ్లే పిన్నుకీ మిగతా పిన్నులకీ మధ్య చూడండి. మామూలుగా ఒక ఓమ్ లోపు నుంచి కొన్ని ఓమ్స్ దాకా రావాలి. ఎక్కడా రీడింగే రాకపోతే తెగినట్టు.

జవాబు 2:
పైది సరైనదే, కానీ రెసిస్టర్ ఎందుకు కాలిందో చూడకుండా కొత్తది బిగిస్తే అదీ పోతుంది. దాన్ని చల్లబరిచేది బ్లోయర్ గాలే. క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయినా, ఫ్యాన్‌లో ఎండుటాకులు పడినా గాలి తగ్గి కాగుతుంది. రెండో కారణం మోటారే: బుష్ (ఇరుసు తిరిగే బేరింగ్) ఎండిపోయి బిగుసుకుంటే కరెంటు ఎక్కువ లాగుతుంది. బ్యాటరీ తీసి ఉండగా ఫ్యాన్‌ని చేత్తో తిప్పండి, తేలిగ్గా తిరిగి మెల్లగా ఆగాలి. గీసుకుంటూ టక్కున ఆగితే మోటార్ కూడా మార్చాలి.

కప్లర్ చూడటం మరవొద్దు. పిన్నుల దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగినా, కరిగినా దాన్నీ మార్చాలి. వైరు మందం పాతదానికంటే తగ్గకూడదు.

ప్రశ్న అడిగినవారు:
చూశాను, చుట్టలు బాగున్నాయి, థర్మల్ ఫ్యూజే తెగింది. అక్కడ వైరు ముక్క కలిపేస్తే నడవదా?

జవాబు 1:
నడుస్తుంది, అందుకే ప్రమాదం. ఫ్యాన్ జామ్ అయిన రోజు చుట్టలు ఎర్రగా కాలి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంటుకోవచ్చు. ఫ్యూజ్ ఒక్కటే వేయాలనుకుంటే అదే ఉష్ణోగ్రత, అదే ఆంపియర్ రేటింగ్ ఉన్నది తీసుకోండి. మామూలుగా సోల్డర్ చేస్తే ఆ వేడికే కొత్తదీ తెగుతుంది. క్రింప్ చేయండి (చిన్న లోహపు గొట్టంలో పెట్టి నొక్కేయడం). సోల్డర్ తప్పకపోతే ఫ్యూజ్‌కీ సోల్డర్‌కీ మధ్య ఉన్న ఫ్యూజ్ తీగని ముక్కు ప్లయర్‌తో పట్టుకుని, చప్పున ముగించండి. నన్నడిగితే రెసిస్టర్ మొత్తం మార్చడమే మేలు.

జవాబు 3:
ఒక జాగ్రత్త. కొత్త రెసిస్టర్‌ని బయట వేలాడదీసి 1లో పెట్టి టెస్ట్ చేయకండి, గాలి తగలక నిమిషాల్లోనే థర్మల్ ఫ్యూజ్ ఎగిరిపోవచ్చు. గొట్టంలో బిగించాకే బ్యాటరీ కలపండి. ఇంకోటి: ఇదంతా మాన్యువల్ ఏసీ లెక్క. ఆటోమేటిక్ క్లైమేట్ ఉన్న చాలా కార్లలో ఈ చుట్టలుండవు, ట్రాన్సిస్టర్ మాడ్యూల్ ఉంటుంది. అది షార్ట్ అయితే ఏ స్పీడు పెట్టినా ఫుల్లుగానే కొడుతుంది.